చెకింగాయన మూడో రిపోర్టు

ఇరవై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే బూట్ల బ్రష్షు చప్పుడు. ఐదు కాకముందే ఆయన గుమ్మం బయట పీట వేసుకుని, చిరిగిన బనీను గుడ్డ మోకాలి మీద పరుచుకుని, నల్ల బూట్లను వాటిలో తన మీసం కనపడేదాకా తోమేవాడు. ఆ బరబర వినగానే లోపల ఆమె పొయ్యి వెలిగించేది. బ్రష్షు ఆగేసరికి టీ గ్లాసు గుమ్మం దగ్గరికి రావాలి. ఎవరూ ఎవరికీ చెప్పుకున్న కట్టుబాటు కాదది. కాపురంలో అలా కుదిరిపోయింది, అంతే.

నెల రోజులుగా ఆ చప్పుడు లేదు. ఆయన రబ్బరు చెప్పులు వేసుకుని డ్యూటీకి పోతున్నాడు.

"బూట్లకేమొచ్చిందండీ?" అని అడిగింది ఒకరోజు.

"కరుస్తున్నాయి."

"ఇన్నేళ్ళూ కరవనివి ఇప్పుడు కరుస్తున్నాయా?"

"ముసలితనం వస్తే కుక్క కరవదా? అలాగే. వెళ్ళి టీ చూడు."

ఆమె టీ చూడలేదు, ఆయన పాదాలు చూసింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే, పట్టీ ఉన్న చోట వేలు పట్టేంత గాడి. పిండిముద్ద మీద దారం బిగించి తీసినట్టు. ఆయన గబుక్కున కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. అదిగో, అనుమానం అక్కడ మొలకెత్తింది.

అనుమానం ఆ ఇంటికి కొత్త చుట్టమేమీ కాదు. ఆయన సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరు. ఎక్కడ ఎక్కుతాడో ఎవరికీ తెలియదు. సందు మలుపులో బస్సు నెమ్మదించినప్పుడు ముందు తలుపులోంచి మనిషి వచ్చి నిలబడితే, కండక్టరుకి గొంతు ఆరిపోవాల్సిందే. ఆయన ముందు టికెట్లు అడిగేవాడు కాదు. ఊరికే నిలబడి అందరినీ ఓసారి చూసేవాడు. "టికెట్టున్నవాడు నా ముఖంలోకి చూస్తాడే. లేనివాడికి ఆ క్షణంలోనే కిటికీ బయట ఏదో ముఖ్యమైన పని కనపడుతుంది," అనేవాడు. కట్టిపడేసే విద్య అది. వీధిలో ఆయన్ని చెకింగు అనేవారు, ఆమెను చెకింగమ్మ. పిల్లల్లేని ఇల్లు కనక ఆ పేర్లు ఇంకో తరానికి పోలేదు.

ఆ విద్య ఆయన గుమ్మం దగ్గర విడిచి వచ్చేవాడూ కాదు. పాలు అగ్గిపుల్ల ముంచి చూసేవాడు. కూరగాయలమ్మి తూకం రాయిని తన తూకం రాయితో పోల్చేవాడు. చివరికి సొంత బావమరిదిని కూడా వదల్లేదు. ఆమె తమ్ముడు బజారు చివర సైకిళ్ళ షాపువాడు. ఒక్కచోట కుదురుగా నిలబడలేడు కనక అందరూ డైనమో అంటారు. పెళ్ళయిన కొత్తలో వాడు స్నేహితుడి పాసు జేబులో వేసుకుని బస్సెక్కితే, ఆ పాసు మీది ఫోటోనీ వాడి ముఖాన్నీ మార్చి మార్చి చూసి, నడిబజారులో దింపేశాడు. "బావా, నేనురా... అదే, నేనండీ," అని వాడు చేతులు పట్టుకుంటే, "అందుకే దింపుతున్నాను. తెలియనివాడైతే జరిమానాతో సరిపెట్టేవాణ్ణి," అన్నాడట. ఆ ముచ్చట వాడు పదిమందికీ చెప్పి నవ్వేవాడు. నవ్వే కానీ, మర్చిపోయిన నవ్వు కాదు.

ఇక జబ్బు సంగతి. ముందు ముక్కుతో మొదలైంది. చలికాలం పోయినా జలుబు పోలేదు. చీదితే నెత్తుటి చెక్కు. ఒక చెవి మూసుకుపోయింది. ఈరోజు మోకాలు నొప్పి, రేపు మణికట్టు, ఎల్లుండి రెండూ మాయమై మడమ. కళ్ళు ఎర్రబడ్డాయి. తిన్నది వంటికి పట్టక చొక్కా కాలరు వదులైపోయింది. ఆయన మాత్రం జబ్బుని తప్ప అన్నిటినీ అనుమానించాడు. డిపో క్యాంటీన్లో గ్లాసులు కడగడం లేదన్నాడు. నీళ్ళ ట్యాంకులో ఏదో చచ్చిందని డాబా ఎక్కి చూసొచ్చాడు. కొత్త కండక్టరొకడు తనకిచ్చిన బిస్కెట్టు తినడం మానేశాడు.

"వంటలో నూనె మార్చావా?"

"మార్చలేదు."

"సబ్బు?"

"సబ్బు కీళ్ళలోకి పోతుందాండీ?"

"పోదని నువ్వు చూశావా?"

ఆమె సర్దుకుపోయింది. కానీ ఒక సంగతి సర్దుకోలేదు. ఆయన స్నానాలగదికి వెళ్ళొస్తే, లోపల అరబకెట్టు నీళ్ళు గుమ్మరించిన చప్పుడు. ఒక చెంబుతో పోయేదానికి ఆరేడు చెంబులు. నీళ్ళు వృథా చేస్తే కసిరే మనిషి. మొదట సిగరెట్లనుకుంది, వాసన లేదు. మందు అనుకుంది, అడుగు తడబడలేదు. ఒక ఉదయం తలుపు దగ్గరే కాపు కాసి, నీళ్ళు గుమ్మరించే చప్పుడు మొదలవకముందే తలుపు బాది గడియ తీయించి, లోపలికి వెళ్ళిపోయింది.

మూత్రం డికాషను రంగు. పైన నురుగు. సబ్బు నురుగైతే కాసేపటికి చిట్లిపోతుంది. ఇది అలాగే నిలబడి ఉంది.

"బీట్‌రూట్ తిన్నాను," అన్నాడాయన వెనకనుంచి.

"ఎప్పుడు? ఎక్కడ? ఈ ఇంట్లో వండేది నేనండీ."

ఆయన కిటికీ వైపు చూశాడు.

వీధి చివరి డాక్టరు రక్తం తీయించాడు. క్రియాటినిన్ అని ఒకటుంటుందట, కిడ్నీలు రక్తాన్ని ఎంత శుభ్రం చేస్తున్నాయో అది చెబుతుంది. ఒకటి లోపు ఉండాల్సింది ఒకటీ పాయింటు తొమ్మిది ఉంది. పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అదీ ఇదీ అని ఆయన పది రోజులు జాప్యం చేసి వెళ్ళేసరికి మూడున్నర.

కిడ్నీ డాక్టరమ్మ నడివయసు మనిషి. మాట్లాడేటప్పుడు కాగితం మీద కాక మనిషి మీద చూపు నిలిపేది. ప్యాంటు పైకి లాగమని ఆయన పిక్కలు చూసింది. గోరంత ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కినా అవి చెదరలేదు.

"పెద్దాయనా, బయటినుంచి వచ్చే క్రిముల్ని పట్టుకోవడానికి ప్రతి ఒంట్లోనూ కావలివాళ్ళుంటారు," అంది. "మీ ఒంట్లో వాళ్ళకి మతి తప్పింది. మీ సొంత సన్న రక్తనాళాల్నే దొంగలనుకుని పట్టి కొరుకుతున్నారు. కంచే చేను మేసినట్టు. ముక్కు, చెవి, కీళ్ళు అయిపోయి ఇప్పుడు కిడ్నీల మీద పడ్డారు. కిడ్నీ అంటేనే సన్న నాళాల ఉండ."

"పేరేంటండీ ఈ జబ్బుకి?" అంది ఆమె.

"వాస్కులైటిస్ అంటాం. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదమ్మా, వేగం గుర్తుపెట్టుకోండి. మామూలు కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి తింటుంది. ఇది రోజుల లెక్కన తింటుంది. ఇవాళే చేర్చండి. వీపు నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూస్తాం. ఇంకో ప్రత్యేకమైన రక్తపరీక్షకి పంపించాను, దాని ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేకుండా మందు మొదలుపెడదాం."

ఆయన ఇంతసేపూ ఆ అంకెనే చూస్తున్నాడు. "పది రోజుల్లో రెట్టింపైందంటే, దొంగ లెక్కండీ అది. మా డిపోలో ఎవడైనా అలా చూపిస్తే ఆ మధ్యాహ్నమే సస్పెండు. ఎవరి రక్తమో నా సీసాలో పోశారు."

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "సరే. రేపు పొద్దున మళ్ళీ రక్తమివ్వండి. ఫలితం మధ్యాహ్నానికి వస్తుంది. ఏమొచ్చినా అది పట్టుకుని వచ్చి మంచమెక్కండి. నేను రేపటినుంచి వారం పైన ఊళ్ళో ఉండను. నా కింది డాక్టర్లకి అన్నీ చెప్పి వెళ్తాను."

మర్నాడు ఆయన "నువ్వెందుకు, నేనే ఇచ్చొస్తా" అని ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం సంచీలో దుప్పటీ, గ్లాసూ సర్దుకుని ఆమె ఆసుపత్రి వరండాకి చేరేసరికి, ఆయన కిటికీ దగ్గర రిపోర్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలోంచి కాగితం లాక్కుంది. చదువు అంతంతమాత్రమే కానీ అంకెలు తెలుసు. సున్నా పాయింటు తొమ్మిది.

ఆమె ఆ కాగితాన్ని గుండెకి అదుముకుంది. వరండాలో బెంచీ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కౌంటరు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి చూపించింది. కౌంటరులో కూర్చున్న ఆవిడ కాగితం చూసి, "నార్మలే కదమ్మా. అయితే ఇవాళ మంచం వద్దా? డాక్టరమ్మ వచ్చాక చూపించుకోండి," అని మంచాల జాబితాలో ఆయన పేరు మీద అడ్డంగా గీత గీసింది. వేరే డాక్టరుకైనా చూపించాలా అని ఆమె అడగలేదు. ఆయనా అడగలేదు.

"చూశారా, మీరే రైటు," అంది ఆమె దారిలో. పెళ్ళైన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె అన్నది రెండోసారో మూడోసారో. ఆయన దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు.

ఆ సంతోషం మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు ఉతికిన దిండు గలీబు తొడుగుతుంటే ఆమె చేయి ఆగిపోయింది. రిపోర్టు బాగుంది. మరి మనిషి? పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచులు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నోట్లో ఏదో ఇనుము చీకినట్టుందని టీ వద్దంటున్నాడు. డికాషను రంగు ఇంకా చిక్కనైంది. కాగితం ఒకటి చెబుతోంది, ఒళ్ళు ఇంకొకటి చెబుతోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఒంటికి అబద్ధమాడే తెలివి ఎక్కడిది?

అడిగితే, "రిపోర్టు చూశావుగా," అనేవాడు. ఇంత నమ్మకం! అగ్గిపుల్లతో పాలు కొలిచే మనిషి, ఒక కాగితాన్ని ఇంత తేలిగ్గా నమ్మేశాడా? అదే ఆమెకు మింగుడు పడలేదు. ఆ ల్యాబుని తిట్టడం కూడా ఆపేశాడు. ముందు రెండు రిపోర్టులూ దొంగవన్నవాడు, మూడోది రాగానే ఆసుపత్రి మీదికి దండెత్తి వెళ్ళాలి కదా. "నా రక్తం మార్చిందెవరు?" అని అడగాలి కదా. డ్యూటీకి సెలవు పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

ఎనిమిదో రోజు ఫోను మోగింది. ఆయనే ఎత్తాడు. ఆమె వంటింట్లోంచి విన్నది రెండు మాటలు. "సరేనండీ... సరేనండీ." పెట్టేశాక, "ఎవరు?" అంటే, "రాంగ్ నంబరు," అన్నాడు.

రాంగ్ నంబరువాళ్ళకి ఎవరైనా రెండుసార్లు సరేనండీ అంటారా?

తొమ్మిదో రోజు ఆయనకు స్నానం చేసే ఓపిక లేకపోయింది. ఆమె బకెట్లో వేడినీళ్ళు పట్టుకొచ్చి, తువ్వాలు తడిపి ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. ఆయన చర్మం ఈ మధ్య పాత పేపరులా తయారైంది, చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలి రెండు మూడు వారాలు పోదు. ఎడమ మోచేతి మడతలో వీధి డాక్టరు గుచ్చిన చోట పసుపుగా మారిన మచ్చ. కుడి మోచేతిలో పెద్దాసుపత్రిలో మొదటిసారి గుచ్చిన చోట, ఇంకా నీలంగా, నేరేడుపండంత.

తువ్వాలు పిండింది. మళ్ళీ ఎడమ చెయ్యి తీసుకుంది. మోచేయి తిప్పి చూసింది, మణికట్టు చూసింది, అరచేతి వెనక చూసింది. కుడి చెయ్యీ అలాగే. ఆయన తుడుస్తోందనుకున్నాడు. ఆమె వెతుకుతోంది.

మూడు పరీక్షలు. రెండు మచ్చలు.

ఆమె తువ్వాలు బకెట్లో పడేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బజారు దారి పట్టింది.

డైనమో షాపు ముందు నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడినుంచి వస్తుందా అని చూస్తున్నాడు. అక్క నీడ పడగానే తలెత్తాడు.

"రా అక్కా. బావెలా ఉన్నాడు?"

"బావ సంగతి తర్వాత. మొన్న రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రం ఇంటికొచ్చావు కదా, మోచేతికి దూది అంటించుకుని. ఏమైందంటే చెయిను గీరుకుందన్నావు."

"అవును, గీరుకుంది."

"మోచేయి లోపలి మడతలో చెయిను ఎలా గీరుకుంటుందిరా? సైకిలు నిన్ను కౌగిలించుకుందా?"

పక్కన హ్యాండిలు పట్టుకుని నిలబడ్డ కస్టమరు నవ్వాడు. డైనమో నవ్వలేదు. ట్యూబు నీళ్ళలోనే వదిలేసి నీళ్ళు నమిలాడు.

"నువ్వు బావనే అడగక్కా."

"నిన్ను అడుగుతున్నాను. వాడి సైకిలు తర్వాత చూద్దువుగాని, నా ముఖంలోకి చూసి చెప్పు."

వాడు చూడలేకపోయాడు. తొట్టిలోకి చూస్తూ చెప్పాడు. "బావే అడిగాడక్కా. కండక్టరు సరిగ్గా ఉన్నాడో లేదో తెలుసుకోవాలంటే మా డిపార్టుమెంటులో మామూలు మనిషిని ప్రయాణికుడిలా ఎక్కిస్తాం, ఇదీ అంతే అన్నాడు. నా పేరు చెప్పి నీ రక్తం ఇవ్వు, గుర్రంలా ఉన్నావు, నీక్కూడా మూడు, నాలుగు అని రాశారంటే దొంగలు దొరికినట్టే అన్నాడు."

"తక్కువ రాస్తే?"

"తక్కువ రాస్తే ఏంటో బావ చెప్పలేదు."

"నువ్వడగలేదా?"

"అడగలేదక్కా. ఎప్పుడో ఇంకొకడి పాసు మీద ఎక్కానని నన్ను దింపేసినాయన, ఇప్పుడు నా పేరు మార్చుకుని ఎక్కమని బతిమాలుతుంటే... నిజం చెప్తున్నా, నాకు సరదాగా అనిపించింది." వాడు తొట్టిలోంచి ట్యూబు తీసి మళ్ళీ ముంచాడు. "తర్వాత నువ్వు అందరికీ ఆ రిపోర్టు చూపించి మురిసిపోతుంటే ఏం చెప్పను? బావే చెప్తాడులే అనుకున్నా."

ఆమె వాడిని తిట్టలేదు. తిట్టడానికి టైము పడుతుంది. "షాపు మూసెయ్. ఆటో పిలుచుకురా," అంది.

ఇంట్లో ఆయన అలాగే, ఒంటి మీద తడి ఆరిపోతుంటే కుర్చీలో ఉన్నాడు. ఆమె ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"మూడో మచ్చ చూపించండి."

ఆయన చూపు కిటికీ మీదికి పోయింది. కిటికీ బయట పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు.

"ఎక్కువ వస్తుందనుకున్నానే," అన్నాడు చివరికి. "వాడికీ ఎక్కువ వస్తే, నాకు ఏమీ లేనట్టు. సరిగ్గా వచ్చింది. అంటే మిషను మంచిదే. నాకు రాసిందే నిజం. అది అర్థమయ్యేసరికి నువ్వు కాగితం లాక్కున్నావు. నీ ఏడుపు చూశాక నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి అబద్ధానికి ఒకరోజు వయసొచ్చింది. ఎల్లుండికి ఇంకా ముదిరింది."

"మరి ఫోను?"

"ఆసుపత్రే. ఆ ప్రత్యేకమైన పరీక్ష వచ్చిందట. జబ్బు ఉందని. వెంటనే రమ్మన్నారు."

"సరేనన్నారుగా. ఎప్పుడు వెళ్దామనీ?"

ఆయన తన రెండు మోచేతులూ చూసుకున్నాడు. "ఇంకొకడి పాసు మీద ఎక్కినవాళ్ళని ఎంతమందిని దింపానో... ఒక్కడినీ ఎందుకెక్కావని అడగలేదే. అడిగి ఉండాల్సింది."

"అవన్నీ ఆటోలో మాట్లాడుకుందాం. చొక్కా తొడుక్కోండి."

గుండీలు పెట్టుకోవడానికి ఆయన వేళ్ళు వంగలేదు. ఆమే పెట్టింది. పెడుతుంటే కోపం చేతుల్లోంచి గుండీల్లోకి దిగి, ఒకటి తెగి కింద పడింది. దాన్ని తీయడానికి ఇద్దరూ వంగలేదు.

డాక్టరమ్మ ఆ ఉదయమే ఊరినుంచి వచ్చింది. మొత్తం కథ డైనమో చెప్పాడు, అక్కా బావా ఇద్దరూ తలలు వంచుకున్నారు కనక. విని ఆవిడ నవ్వనూ లేదు, కసరనూ లేదు. కొత్తగా తీసిన రక్తం ఫలితం చేతిలో ఉంది. ఏడూ పాయింటు రెండు.

"మీ ఒంట్లో కావలివాళ్ళకి అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది పెద్దాయనా," అంది. అన్నాక తన మాటకు తనే నొచ్చుకున్నట్టు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "తమాషాకి అన్నాను. ఇది ఎవరి స్వభావం వల్లా వచ్చే జబ్బు కాదు. పదండి."

ఆ తర్వాతంతా వేగంగా జరిగిపోయింది. మూడు రోజులు సీసాల్లోంచి స్టెరాయిడ్లు. వీపు నుంచి అగరుబత్తి పుల్లంత సన్నటి ముక్క తీశారు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడల్లో సగం చితికిపోయాయని అందులో తేలింది. ఆ మతి తప్పిన కావలివాళ్ళని పడుకోబెట్టే గట్టి మందు వారాలపాటు. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్, వారానికి మూడుసార్లు. ఆయన రక్తం ఎర్రటి పాములా యంత్రంలోకి పోయి వస్తుంటే, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని గొట్టం మీద రాసిన ఆయన పేరు ప్రతిసారీ చదివేది. ఇది ఈయనదేనా? మళ్ళీ ఈయనలోకే పోతోందా? నర్సు ఒకమ్మాయి చూసి, "అంత అనుమానమెందుకు ఆంటీ, ఇక్కడెవరూ మార్చరు," అంది. "మీరు మార్చరమ్మా," అంది ఆమె. "మా ఇంట్లోవాళ్ళతోనే భయం." మంచం మీద ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు కానీ మీసం కదిలింది.

ఏడో వారానికి యంత్రం అక్కర్లేకుండా పోయింది. కిడ్నీల పని మాత్రం మొత్తం వెనక్కి రాలేదు. మూడోవంతు మిగిలిందన్నారు. అదైనా మాత్రలు నియమంగా మింగితేనే, ఒక్కపూట మానినా ఆ కావలివాళ్ళు మళ్ళీ లేస్తారన్నారు.

ఇంటికి పంపేరోజు ఆయన డాక్టరమ్మని ఒక్కటే అడిగాడు. "ఆ తొమ్మిది రోజుల్లో ఎంత పోయిందండీ?"

"అది కొలిచే ల్యాబు ఎక్కడా లేదు," అంది ఆవిడ. "దాన్ని వెతకొద్దు."

ఇంటికొచ్చాక పది రోజులు సాఫీగా గడిచాయి. పదకొండోరోజు ఆమె పరుపు ఎండలో వేద్దామని మడత తీస్తే, గోడ వైపు కుట్టు దగ్గర రెండు తెల్ల మాత్రలు, తడిసి ఆరి పిండిపిండిగా. స్టెరాయిడ్లు. వాటితో ఆయన ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది, నిద్ర కరువైంది, ఆకలి మాత్రం పదింతలైంది. అద్దంలో ఎవడో పరాయివాడు కనపడుతున్నాడని వారం కింద గొణిగాడు. ఆమె ఆ రెండు మాత్రల్నీ కొంగు చివర ముడేసుకుంది.

ఆ మర్నాటినుంచి ఆమె చెకింగు మొదలైంది. టిఫినయ్యాక మాత్రలు అరచేతిలో పెట్టి, ఎదురుగా నిలబడేది.

"మింగారా?"

"మింగాను."

"నోరు తెరవండి."

తెరిచేవాడు.

"నాలిక ఎత్తండి. ఇటు దవడ. అటు దవడ."

ఆ తర్వాత చొక్కా జేబు. పరుపు కుట్టు. కుర్చీ సందు. కిటికీ కింద పూలకుండీలో మట్టి. చివర్న మాత్రల అట్టలు తీసి, ఎన్ని గదులు ఖాళీ అయ్యాయో, నిన్న ఎన్నో, ఇవాళ ఎన్నో కాగితం మీద గీతలు గీసి లెక్క సరిచూసేది. డైనమో ఒకసారి చూసి, "బావా, పై అధికారి వచ్చినట్టుందే," అన్నాడు. ఆయన "తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేది మీ అక్కరా," అన్నాడు. కానీ ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మూడు వారాలు అలా నడిచింది. లెక్క ఒక్కరోజూ తప్పలేదు. తప్పనందుకు ఆమెకు ఊరట కలగాలి, కలగలేదు. ఎక్కడో తాను చూడని చోటు ఒకటి మిగిలే ఉందనిపించేది. చెప్పుల కింద కూడా చూడటం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆయన నోరు తెరిచి, నాలిక ఎత్తి, ఆమె చూడటం అయ్యాక మూసుకుని, నెమ్మదిగా అన్నాడు.

"ఒక మాట చెబుతాను, కోప్పడకు."

"చెప్పండి."

"నువ్వు చూస్తున్నావని మింగుతున్నాను. నాకోసం మింగుతున్నానో, దొరక్కూడదని మింగుతున్నానో నాకే తెలియడం లేదు. నువ్వు లేని రోజు ఏం చేస్తానో నామీద నాకే నమ్మకం లేదే."

ఆ రోజు ఆమె పనంతా మామూలుగానే చేసింది. అట్టలూ లెక్కపెట్టింది. కానీ బియ్యంలో రాళ్ళేరుతున్నా, గుడ్డలు మడతపెడుతున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది. ఈ మాత్రలు ఇవాళ్టితోనో ఈ నెలతోనో అయ్యేవి కావు. ఏళ్ళు. అన్నేళ్ళు తాను రోజూ ఆ నోట్లోకి చూస్తూ నిలబడగలదా? నిలబడినా, రేపు తనకే జ్వరం వస్తే? తనే ముందు పోతే? ఆ మూడోవంతు కిడ్నీని కాపాడాల్సింది తన కళ్ళు కాదు.

మర్నాడు టిఫిను ప్లేటు తీసేశాక, మాత్రల డబ్బా, గ్లాసుడు నీళ్ళు బల్ల మీద పెట్టింది.

"ఉదయానివి ఐదు. ఏవో మీకు తెలుసు," అంది. "నేను వెనక బట్టలు ఆరేసి వస్తాను."

ఆయన తలెత్తి చూశాడు. ఆమె బకెట్టు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. తలుపు చేరవేసింది. దుప్పట్లు రెండు, చొక్కాలు నాలుగు. మామూలుగా అయితే పది నిమిషాల పని. ఒక్కొక్క చొక్కా రెండుసార్లు దులిపింది. క్లిప్పు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. చెవులు మాత్రం లోపలే ఉన్నాయి. డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చిందో, కుర్చీ జరిగిన చప్పుడో, గాలికి దుప్పటి కొట్టుకుంటుంటే తేలలేదు.

లోపలికి వచ్చేసరికి ఆయన పేపరు చదువుకుంటున్నాడు. గ్లాసు ఖాళీ. డబ్బా మూత పెట్టి ఉంది. ఆయన పేపరు దించి, అలవాటుగా నోరు తెరవబోయాడు.

"అక్కర్లేదు," అంది ఆమె.

గ్లాసు తీసుకుని వెళ్ళి కడిగింది. తిరిగి వచ్చి బల్ల తుడిచింది. తుడుస్తుంటే డబ్బా అడ్డమొచ్చింది. ఎత్తితే లోపల అట్టలు గలగలమన్నాయి. మూత తీస్తే చాలు, నిన్నటి గీతల కాగితం కూడా అక్కడే, లోపలే ఉంది. ఆమె డబ్బా కింది చోటు తుడిచి, దాన్ని మూత పెట్టినట్టే యథాస్థానంలో పెట్టి, తడిగుడ్డ పిండడానికి వెళ్ళిపోయింది.